ఖోపోలిలో ఆగిన బండి

సోలాపూర్ నుంచి భివండికి రోడ్డు మీద దాదాపు 400 కిలోమీటర్లు. మన ఇళ్లలో ఈ దారి తెలియని వాళ్లు తక్కువ. అక్కడి పద్మానగర్‌లో ఒక మేనత్తో, పెదనాన్న కొడుకో ఉండనే ఉంటారు. పెళ్లికో చావుకో పోక తప్పదు. బస్సులో అయితే రాత్రి ఎక్కి పొద్దున దిగుతాం, నడుమ ఏముందో చూడం. లారీలో పోతే ప్రతి ఎత్తూ, ప్రతి వంకా తెలుస్తుంది. బండి బాగా లేకపోతే ఇంకా బాగా తెలుస్తుంది.

నేను చెప్పేది టోల్ నాకా దగ్గర ఇంకా చిల్లర లెక్కపెట్టి ఇచ్చే రోజుల మాట. మా బావకు, అంటే మా అక్క మొగుడికి, ఒక పాత టాటా 1612 లారీ ఉండేది. నాలుగు సాంచెలు తూకానికి అమ్మేసి, పైన అప్పు చేసి, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న బండి. అందులో ఉండేది 697 ఇంజను. ఈ నంబరుకు అర్థం చాలామంది డ్రైవర్లకు కూడా తెలియదు. ఆరు సిలిండర్లు, ఒక్కోటి 97 మిల్లీమీటర్ల బోరు, అంతే. 407 బండిలో వచ్చే 497 కూడా అదే లెక్క, సిలిండర్లు నాలుగు. టాటా వాళ్లు 1954 నుంచి 1969 దాకా జర్మనీ బెంజ్ కంపెనీతో కలిసి లారీలు చేశారు. ఈ ఇంజను మూలం అక్కడిదే. మన పెద్దవాళ్లు టాటా లారీని ఇప్పటికీ 'బెంజి' అనడం అందుకే.

ఆ బండి డీజిలుతో పాటు ఇంజన్ ఆయిలు కూడా తాగడం మొదలుపెట్టింది. నల్లపొగ కాదు, నీలం పొగ. మా బావ సోలాపూర్‌లోనే ఒక గ్యారేజీలో ఇంజను దించి, బోరు వేయించి, కొత్త పిస్టన్లు, రింగులు, మెటళ్లు అన్నీ వేయించాడు. లక్షా నలభై వేలు అయింది. అక్క పుస్తెలతాడు తప్ప మిగిలిన బంగారమంతా సేఠ్ దగ్గరికి పోయింది. మూడు వారాలు బండి నిలబడి ఉంది. నిలబడ్డ బండికి కూడా కిస్తు నిలబడదు కదా.

ఆ తర్వాత మొదటి పెద్ద లోడు భివండికి. చద్దర్లు, టవాళ్లు. మా కార్ఖానా వారం రోజులు బందు ఉంటే నేనూ ఎక్కాను. నేను జాబర్‌ను. లారీ ఇంజను నా పని కాదు గాని, ఒక మిషను ఎందుకు మొరాయిస్తుందో కనిపెట్టడం నా రోజువారీ కూలి. సాంచె దారం తెంపుతుంటే ఒకేసారి నాలుగు చోట్ల స్క్రూలు తిప్పే జాబర్‌కు ఏ స్క్రూతో బాగైందో ఎప్పటికీ తెలియదు. ఒక్కటి మార్చి చూడాలి, ఆగాలి, మళ్లీ చూడాలి. లారీకైనా వేరే సూత్రం ఏముంటుంది?

సాయంత్రం బయలుదేరాం. చద్దర్ల లోడు సంగతి మీకు తెలిసిందే, బండి తాడు కట్టేంత ఎత్తు నిండుతుంది గాని బరువు పెద్దగా ఉండదు. కొత్తగా బోరు వేసిన ఇంజనుకు అదే మంచిది. మొదటి వెయ్యీ రెండు వేల కిలోమీటర్లు రింగులు సిలిండర్ గోడకు సర్దుకునే దాకా ఇంజను కొంచెం బిగుతుగా ఉంటుంది, కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది. అది రోగం కాదు. మోహోళ్, టెంభుర్ణి దాటేదాకా వేడి సూది నడుమకు కొంచెం పైన నిలబడింది. బావ కళ్లు రోడ్డు మీద సగం, సూది మీద సగం.

భిగవణ్ దగ్గర అన్నానికి ఆగాం. భీమా నది మీది ఉజని డ్యాం నీళ్లు అక్కడిదాకా పరుచుకొని ఉంటాయి. చలికాలంలో రాజహంసలు దిగుతాయని బస్సుల్లో వచ్చి చూసి పోతారు. మేం పోయింది ఎండాకాలం. నీళ్లు వెనక్కి పోయి బురద నెర్రెలిచ్చి ఉంది. నీళ్లు బాగా తగ్గిన ఏడు, డ్యాంలో మునిగిన పళస్‌దేవ్ గుడి బయటికి వస్తుంది. భిగవణ్ చేపల కూర గురించి రాస్తే ఈ పత్రిక చాలదు. బావ మాత్రం తినకుండా బండి ముందు నిలబడి రేడియేటర్‌కు చెయ్యి ఆనించి చూస్తున్నాడు.

"ఏమైతలేదు బావా, తిను రాదూ" అన్నాను.

"మీ అక్క గాజులు తిరుగుతున్నయ్ బామ్మర్దీ ఇండ్ల" అన్నాడు, ఇంజను వైపు చూపించి.

హడప్సర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు సూది లేచింది. జరిగేది పది అడుగులు, ఆగేది అయిదు నిమిషాలు. ట్రాఫిక్ విడిపోయి గాలి తగలగానే దిగింది. నాకు అప్పుడే ఒక సంగతి తోచింది. బండి ఎప్పుడు వేడెక్కుతున్నదో చూస్తే, ఎక్కడ వెతకాలో సగం తెలిసిపోతుంది. నిలబడితే వేడెక్కి, పరిగెత్తితే చల్లబడుతున్నదంటే గాలి చాలడం లేదు. అంటే ఫ్యాను, బెల్టు, ఫ్యాను చుట్టూ ఉండే రేకు తొడుగు, రేడియేటర్ జాలి, వీటిలో ఏదో ఒకటి. పరిగెత్తినా, ఎత్తు ఎక్కినా వేడెక్కుతున్నదంటే నీళ్లు తిరగడం లేదు, లేదా మంట లోపల ఎక్కువ వేడి పుడుతున్నది. ఏ వేళనైనా, స్టార్ట్ చేసిన కాసేపటికే పైపులు రాయిలా గట్టిపడి నీళ్లు బయటికి తన్నుతుంటే అప్పుడు హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం పెట్టుకోవాలి.

ఘాట్ దిగేసరికి తెల్లవారుజాము. దిగేటప్పుడు గేర్లో వదిలితే ఇంజను డీజిలు తాగదు, వేడి పుట్టదు. సూది కిందికి పోయింది. బావ ముఖం విప్పారింది. ఏ పాత బండి అయినా దిగుడు మీద కొత్తదే.

పద్మానగర్‌లో సరుకు దించాక, మా చిన్నాన్న కొడుకు కార్ఖానా వాకిట్లో బండి పెట్టి టార్చి వేసి చూశాం. రేడియేటర్ జాలి సందుల్లో తెల్లగా దూది. నిజంగా దూదే. కార్ఖానాల వాడలో మూడు వారాలు నిలబడి ఉన్న బండి కదా. మన ఊళ్లలో గాలికి ఎగిరే నూలు పీచు, ఆయిలు మరకల మీద అంటుకొని, దాని మీద దుమ్ము పట్టి, కంబళిలా తయారైంది. ముందు నుంచి చూస్తే కనిపించదు. ఫ్యాను వైపు నుంచి నీళ్లు కొడితే ముందుకు వచ్చి రాలింది. ముందు నుంచి కొడితే ఇంకా లోపలికి కుక్కుకుపోతుంది, ఈ మాట గుర్తుంచుకోండి. నీళ్ల జోరు కూడా మరీ ఎక్కువ ఉండకూడదు, సన్నటి రేకులు వంగిపోతాయి. ఫ్యాను బెల్టు కూడా వదులుగా ఉంది. కొత్త బెల్టు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో సాగుతుంది, దాన్ని మళ్లీ బిగించాలి. బిగించాం.

మధ్యాహ్నం భివండి ట్రాఫిక్‌లో గంటసేపు నిలబడ్డా సూది లేవలేదు. గాలి రోగం తీరింది. మనసులో అంతా తీరిపోయినట్టే అనిపించింది.

తిరుగు లోడు కలంబోలి ఇనుప బజారులో దొరికింది. సోలాపూర్‌లో ఎవరిదో బిల్డింగుకు కడ్డీలు, 9 టన్నులు. సోమవారం పొద్దున్నకు చేరాలి. భాడా బాగుంది. పన్వేల్ దాటి సాయంత్రం ఆరు గంటలకు ఖోపోలి చేరాం.

ఖోపోలి సముద్రానికి కొంచెమే ఎత్తులో ఉంటుంది. పైన లోణావళా 600 మీటర్లు దాటిన ఎత్తు. ఆ ఎత్తంతా కొద్ది కిలోమీటర్లలోనే ఎక్కాలి. ఊరు చివర, మొదటి ఎత్తు మీద రెండో గేరు పడింది. యాక్సిలేటరు పూర్తిగా తొక్కితే బండి మనిషి నడిచినట్టు కదులుతున్నది. సూది లేచింది. ఆగకుండా లేచింది. బావ పక్కకు తీసి ఆపేసరికి మూత దగ్గర బుస్సుమని ఆవిరి.

ఇంజను వెంటనే బందు చేయబోయాడు. నేను వద్దన్నాను. నీళ్లు ఇంకా ఉన్నంతసేపు ఇంజను నిదానంగా తిరుగుతూ ఉండాలి. పంపు, ఫ్యాను తిరుగుతుంటేనే లోపలి వేడి బయటికి వస్తుంది. నీళ్లే లేకపోతే సంగతి వేరు, అప్పుడు ఆపాల్సిందే. మూత మాత్రం ముట్టుకోనివ్వలేదు. మా వాడలో ఒకతని మెడ మీద, చెంప మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. వేడి మీద మూత తీస్తే లోపల ఒత్తిడిలో ఉన్న నీళ్లన్నీ ఒక్కసారి ఆవిరై ముఖాన కొడతాయి. క్లీనర్ పిల్లగాడు బకెట్‌తో చల్లనీళ్లు తెచ్చి ఇంజను మీద గుమ్మరించబోయాడు. వాణ్ణీ ఆపాం. ఎర్రగా కాగిన పెనం మీద నీళ్లు పోస్తే ఏమవుతుందో మన ఆడవాళ్లను అడగండి. హెడ్ అయితే పగులుతుంది.

అయిదు నిమిషాల్లో సూది దిగడం మొదలైంది. ఇది మంచి గుర్తు. బండిని మెల్లగా వెనక్కి తిప్పి ఊళ్లోకి తెచ్చాం.

బావ సోలాపూర్ మేస్త్రీకి ఫోన్ చేశాడు. ఆయన ఒక్కటే మాట, "హెడ్ గ్యాస్కెట్ కూసోలేదు, హెడ్ దించాలె. బండి తీస్కరా." తొమ్మిది టన్నుల ఇనుముతో, ఈ ఘాట్ మీదుగా, ఎట్లా తెమ్మన్నాడో ఆయనకే తెలియాలి. ఖోపోలిలో రోడ్డు పక్కన ఒక గ్యారేజీ అతను వచ్చి, చెయ్యి కూడా పెట్టకుండా, రాత్రికి రాత్రి హెడ్ దించుతానన్నాడు. పద్దెనిమిది వేలు అన్నాడు, సామాన్లు వేరే. బావ జేబులో ఉన్నది డీజిలుకు, టోలుకు.

బోరు వేసిన బండి వేడెక్కితే అందరి వేలూ హెడ్ మీదికే పోతుంది. కొత్తగా విప్పి బిగించింది అదే కాబట్టి అనుమానం సహజం. కాని హెడ్ దించడం అంటే మళ్లీ గ్యాస్కెట్, మళ్లీ కూలి, రెండు రోజులు. దించిన తర్వాత గ్యాస్కెట్ బాగానే ఉంటే? ఉన్నా ఆ మాట ఏ గ్యారేజీ అతనూ చెప్పడు. "పోయింది, మార్చిన" అంటాడు. పైసా ఖర్చు లేని పరీక్షలు ముందు, పైసలు పోయేవి తర్వాత. ఈ వరస తప్పకూడదని నేను పట్టుబట్టాను. "ఇంజను సల్లగైనంక పొద్దుగాల జూద్దాం, అందాక ఎవ్వరినీ పానా పెట్టనియ్యకు" అన్నాను. బావ ఒప్పుకున్నాడు గాని, ఆ రాత్రి అతను నిద్రపోలేదు.

ఖోపోలి గురించి కొంచెం చెప్పాలి. కొండ మీద నుంచి లావుపాటి ఇనుప గొట్టాలు దిగి వస్తుంటాయి. పైన లోణావళా చుట్టుపక్కల చెరువుల్లో కట్టిన వాన నీళ్లు ఆ గొట్టాల్లో పడి కింద కరెంటు పుట్టిస్తాయి. టాటా వాళ్లు 1915లో మొదలుపెట్టిన కేంద్రం అది. దాంట్లో పుట్టిన కరెంటు మొట్టమొదట పోయింది బొంబాయి నూలు గిర్ణీలకే. అప్పటిదాకా ఆవిరి మీద, బొగ్గు మీద తిరిగిన గిర్ణీలు అవి. మన తాతలు, ముత్తాతలు పాలమూరు, కరీంనగర్, నల్గొండ వైపు నుంచి పోయి బొంబాయిలో పనిచేసిన గిర్ణీల పట్టాలు ఈ ఊరి నీళ్లతో తిరిగాయన్నమాట. ఎన్నిసార్లు ఈ ఊరి మీదుగా పోయానో, ఆ రాత్రి బండి ఆగితే గాని ఆ గొట్టాల వైపు తలెత్తి చూడలేదు.

ఘాట్ మన బండినే కాదు, రైలునూ ఏడిపించింది. సోలాపూర్‌కు రైలు 1860లోనే వచ్చింది. బోర్ ఘాట్ మీద రైలు ఎక్కింది మాత్రం 1863లో. ఆ నడుమ బొంబాయి నుంచి వచ్చేవాళ్లు కింద ఒక రైలు దిగి, పల్లకీల్లోనో బండ్లలోనో ఘాట్ ఎక్కి, పైన ఇంకో రైలు పట్టుకోవాల్సి వచ్చేది. ఈ రోజుకు కూడా కర్జత్ దగ్గర రైలు వెనక ఇంకో రెండు మూడు ఇంజన్లు తగిలించి పైకి తోస్తారు. సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్‌లో నిద్రపోయేవాళ్లకు ఆ కుదుపు తెలుసు.

పొద్దున అయిదున్నర. ఇంజను చల్లగా ఉంది. మొదట ఆయిలు పుల్ల తీసి చూశాం. నీళ్లు కలిస్తే ఆయిలు పాల టీ రంగులోకి వస్తుంది. మాది తేనె రంగులో శుభ్రంగా ఉంది. తర్వాత రేడియేటర్ మూత తీశాం, చల్లగా ఉంది కాబట్టి భయం లేదు. నీళ్లు తగ్గినంత పోసి, మూత తెరిచే ఉంచి స్టార్ట్ చేశాం. గ్యాస్కెట్ పోయి ఉంటే, సిలిండర్లో మంట గాలి నీళ్లలోకి దూరి, బుడగలు ఆగకుండా వస్తాయి. మొదట్లో రెండు మూడు బుడగలు వచ్చాయి, అది నీళ్లు పోసినప్పుడు చిక్కిన గాలి. తర్వాత నీళ్లు అద్దంలా కదలకుండా ఉన్నాయి. రేసు చేసినా రాలేదు. పై పైపు నొక్కితే మెత్తగా ఉంది. సైలెన్సర్‌లో తెల్ల పొగ లేదు. బావ చెయ్యి పట్టుకొని ఆ నీళ్లు చూపించాను. చాలాసేపు చూశాడు.

అప్పటికి పక్క వీధి నుంచి ఒక ముసలి మెకానిక్ వచ్చి మా వెనక నిలబడి ఉన్నాడు. మరాఠీ ఆయన. ఏమీ మాట్లాడలేదు. మేం చేసేది చూస్తూ బీడీ తాగుతున్నాడు. మాకు ఆయన్ని ఎవరూ పిలిచినట్టు లేదు. ఆ వయసు మెకానిక్కులకు ఆగిన బండి కనిపిస్తే కాళ్లు వాటంతట అవే పోతాయేమో.

మూత బిగించి, ఇంజను వేడెక్కనిచ్చి, రేసు పెంచి, చేతులతో తడిమి చూశాం. అడుగు పైపు కొత్తది. మెత్తటి పైపు అయితే పంపు లాగుడుకు లోపలికి ముడుచుకుపోయి దారి మూసేస్తుంది. అది ముడుచుకోలేదు. సూది బాగా లేచాక, రేడియేటర్ పై డబ్బా చెయ్యి పెట్టలేనంత వేడి, అడుగు డబ్బా మాత్రం చెయ్యి ఆనించి ఉంచగలిగేంత. అంటే రేడియేటర్ తన పని తాను చేస్తున్నది, చేరిన నీళ్లను బాగానే చల్లార్చుతున్నది. దాని దగ్గరికి చేరే నీళ్లే తక్కువ. మరి పంపు తోసే నీళ్లన్నీ ఎటు పోతున్నాయి?

అప్పుడు ముసలాయన బీడీ పారేసి, ఇంజను ముందు భాగంలో ఉన్న ఒక చిన్న పైపు మీద వేలు పెట్టాడు. వాటర్ బాడీ నుంచి నేరుగా పంపుకు పోయే అడ్డదారి పైపు అది. గుడ్డ చుట్టి పట్టుకోమన్నాడు. మండిపోతున్నది. "వాల్వు ఉందా?" అని అడిగాడు.

బావ నా వైపు చూశాడు. "మేస్త్రీ తీసేసిండు. మన ఎండలకు అది వద్దన్నడు" అన్నాడు.

ముసలాయన నవ్వలేదు, తిట్టలేదు. అందరూ తీసేస్తారు అన్నాడు, అంతే.

ఈ వాల్వు సంగతి విడమర్చి చెప్పాలి, ఎందుకంటే మన లారీవాళ్లలో సగం మందికి దీని మీద తప్పుడు నమ్మకం ఉంది. థర్మోస్టాట్ వాల్వు అంటే తలుపు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు అది రేడియేటర్ దారి మూసి, నీళ్లను అడ్డదారిలోనే తిప్పుతుంది, ఇంజను తొందరగా వేడెక్కాలని. 80 డిగ్రీలు దాటే వేళకు దాంట్లోని మైనం కరిగి ఉబ్బి, రేడియేటర్ దారి తెరుచుకుంటుంది. చాలామందికి ఇంతవరకు తెలుసు. అందుకే చలిదేశాల కోసం పెట్టిందని, మనకు అక్కరలేదని అనుకుంటారు. తెలియనిది రెండో సగం. మా ఇంజనులాంటి వాటిలో ఆ వాల్వుకు అడుగున ఇంకో రేకు ఉంటుంది. పై దారి తెరుచుకుంటుంటే ఈ రేకు కిందికి దిగి అడ్డదారిని మూసేస్తుంది. వాల్వు తీసేస్తే రెండు దారులూ ఎప్పటికీ తెరిచే ఉంటాయి. నీళ్లు మనుషుల్లాంటివే, దగ్గరి దారి ఉండగా రేడియేటర్ అంతా తిరిగి ఎందుకు వస్తాయి? ఇంజనులో కాగిన నీళ్లు సగం చల్లారకుండానే మళ్లీ ఇంజనులోకి పోతాయి.

చదును రోడ్డు మీద, తేలిక లోడుతో ఇది బయటపడదు. పుట్టే వేడే తక్కువ, రేడియేటర్‌కు చేరిన సగం నీళ్లతోనే గడిచిపోతుంది. ఘాట్‌లో రెండో గేరు, పూర్తి యాక్సిలేటరు, గాలి తక్కువ, 9 టన్నుల ఇనుము. అక్కడ సగం నీళ్లు చాలవు. చలికాలంలో ఇదే లోపం ఇంకో రకంగా తింటుంది. ఇంజను కావలసిన వేడికి రాదు, డీజిలు సరిగా కాలదు, సిలిండర్లు తొందరగా అరుగుతాయి. లక్షా నలభై వేలు పెట్టి బోరు వేయించి, ఆ బోరును అరగదీసే పని కూడా మనమే చేయించుకున్నట్టు.

వాటర్ బాడీ నాలుగు బోల్టులు విప్పితే లోపల ఖాళీ. సామాన్ల దుకాణం తొమ్మిదింటికి తెరిచాడు. వాల్వు, దాని ప్యాకింగ్, రేడియేటర్ మూత కలిపి వెయ్యి రూపాయల లోపే అయ్యాయి. మూత ఎందుకంటే పాతదాని రబ్బరు పగిలి ఉంది. చిన్న వస్తువు గాని, అది నీళ్లను ఒత్తిడిలో పట్టి ఉంచబట్టే నీళ్లు వంద డిగ్రీల దగ్గర కూడా మరగకుండా ఉంటాయి. లోణావళా ఎత్తులో మూత పట్టని నీళ్లు 98 డిగ్రీలకే మరుగుతాయి. ఎత్తు ఎక్కే బండికి ఆ రెండు డిగ్రీలు కూడా లెక్కే.

కొత్త వాల్వును కూడా నమ్మి బిగించకూడదని ముసలాయన మమ్మల్ని చాయ్ దుకాణానికి తీసుకుపోయాడు. గిన్నెలో నీళ్లు పెట్టించి, వాల్వును దారం కట్టి, అడుగు తాకకుండా వేలాడదీశాడు. ఆ దారం బావ తాడుపట్టా ఊడదీసినప్పుడు వచ్చిన మన సోలాపూర్ నూలే. చాయ్ అతనితో పాటు అయిదారుగురు చేరి చూస్తున్నారు. గిన్నె అడుగున సన్న బుడగలు లేచే వేళకు, నీళ్లు ఇంకా తెర్లకముందే, వాల్వు పువ్వు విచ్చినట్టు మెల్లగా తెరుచుకుంది. బయటికి తీసి చల్లార్చితే మూసుకుంది. రెండుసార్లు చూశాం. చాయ్ అతను ఆ గిన్నెను మూడుసార్లు తోమాడు.

వాల్వు బిగించాక నీళ్లు తొందరపడి పోయలేదు. బండిని చదునుగా పెట్టి, కొంచెం కొంచెంగా పోస్తూ, పై పైపును చేత్తో నొక్కుతూ, వాల్వు తెరుచుకునే దాకా మూత తెరిచి నడిపి, దిగినంత మళ్లీ పోశాం. లోపల గాలి చిక్కితే ఎంత మంచి వాల్వైనా పనికిరాదు. కూలెంట్ కూడా సగం కలపమన్నాడు ముసలాయన. బోరు నీళ్లు పోస్తే కుండలో పట్టినట్టే ఇంజను లోపల తెల్లటి పొర పడుతుంది, అది వేడిని బయటికి పోనివ్వదు. ఆ రోజు కూలెంట్‌కు డబ్బు సరిపోలేదు. ఫిల్టర్ నీళ్లు పోసి, మిగతాది సోలాపూర్‌లో చూసుకుందామన్నాం.

ఆయన కూలి ఎంత అంటే రెండు వందలు అన్నాడు. బావ మూడు వందలు ఇస్తే వంద తిరిగి ఇచ్చాడు.

మధ్యాహ్నం ఎండ దిగాక బయలుదేరాం. మొదటి ఎత్తు, రెండో గేరు. సూది లేచింది, నడుమ దాటింది, అక్కడ ఆగింది. ఇంకో వంపు. అక్కడే ఉంది. వెనక లారీవాడు హారను కొడుతున్నాడు, బావకు వినిపించడం లేదు. శింగ్రోబా గుడి దగ్గరికి వచ్చాం. తెల్లవాళ్లకు ఈ కొండ మీదికి దారి చూపించిన గొర్రెల కాపరి గుడి అది. దారి చూపించాక వాళ్లే అతణ్ణి చంపారని అక్కడివాళ్లు చెబుతారు. ఘాట్‌లో పోయే డ్రైవర్లు ఆగకుండా కిటికీలోంచే చిల్లర విసిరి దండం పెడతారు. బావ తన దగ్గర మిగిలిన నాణేలన్నీ విసిరాడు. ఒకటి కూడా టోలుకు దాచలేదు.

ఖండాలాలో చల్లగాలి తగిలేసరికి సూది రెండు గీతలు దిగింది. బండి పక్కకు తీసి, అక్కకు ఫోన్ చేసి, "ఎక్కినం" అన్నాడు. అక్క ఏమడిగిందో నాకు వినబడలేదు. "లే, హెడ్ దించలే" అన్నాడు. కాసేపాగి, "వెయ్యి" అన్నాడు.

టెంభుర్ణి దాటేసరికి తెల్లారుతున్నది. కడ్డీలు సోమవారం తొమ్మిదింటికల్లా దిగాయి. సాయంత్రం బావ గ్యారేజీకి పోయి మేస్త్రీ ముందు బల్ల మీద వాల్వు ఖాళీ డబ్బా పెట్టాడు. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, ఇరవై ఏళ్లుగా తీసేస్తున్నా, ఒక్క బండీ వేడెక్కలేదు అన్నాడు. ఆ బండ్లలో ఘాట్ ఎక్కేవి ఎన్ని అని నేను అడగబోతే బావ నా చెయ్యి నొక్కాడు. ఆయన దగ్గర ఇంకా పదిహేను వేలు బాకీ ఉంది. కూలెంట్ రెండు డబ్బాలు కొనుక్కొని ఇంటికి వచ్చాం.